పడవలోనే కోసిన పులుసు ముక్కలు: కాలిఫోర్నియా చట్టం ఏమంటుంది?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాము. ఇండియా నుంచి వచ్చిన మా మామగారిని తీసుకుని, ఒక మిత్రుడి పడవలో, హాఫ్ మూన్ బే దగ్గరి పిల్లర్ పాయింట్ హార్బర్ నుంచి సముద్రంలో గాలం వేయడానికి వెళ్ళాము. ముగ్గురికీ లైసెన్సులు ఉన్నాయి. 24, 27 అంగుళాల హాలిబట్‌లు రెండు, రాక్‌ఫిష్‌లు నాలుగు పడ్డాయి. ఇంటి దగ్గర పని తగ్గుతుందని మామగారు తిరుగుదారిలోనే వాటి తోలు ఒలిచి, పులుసు ముక్కలుగా కోసి, తలకాయలూ తోకలూ సముద్రంలో పారేశారు. హార్బరులో వార్డెన్ (చేపల వేట చట్టాన్ని అమలు చేసే అధికారి) ఐస్‌పెట్టె తెరిపించి చూసి నా పేరున సైటేషన్ (ఆరోపణ రాసి కోర్టుకు రమ్మనే నోటీసు) రాశారు. పరిమితికి లోబడి పట్టిన చేపను కోసుకోవడం నేరం ఎలా అవుతుంది? కొలిచేటప్పుడు తీసిన ఫోటోలు చూపిస్తే కేసు పోతుందా? నా పౌరసత్వ దరఖాస్తుకు ఇది అడ్డు వస్తుందా?

జవాబు: మీరు పట్టిన హాలిబట్‌లు రెండూ చట్టం కోరే 22 అంగుళాలకు మించినవేనని నేను నమ్ముతున్నాను. అయితే మీ మీద వచ్చిన ఆరోపణ చిన్న చేపను పట్టారని కాదు, చేపను కొలవడానికి వీలులేని స్థితిలో ఒడ్డుకు తెచ్చారని. కాలిఫోర్నియా ఫిష్ అండ్ గేమ్ కోడ్ 5508వ సెక్షన్ ప్రకారం, కనీస పొడవు లేదా బరువు నిర్ణయించిన ఏ చేపనైనా, ఆ కొలత తెలుసుకోలేని స్థితిలో పడవలో ఉంచుకోవడమే నిషిద్ధం, ఒడ్డుకు తేవడమూ నిషిద్ధం. దాని పక్కనే ఉన్న 5509వ సెక్షన్ ఏ జాతి చేపో గుర్తుపట్టలేని స్థితి గురించి అదే మాట చెబుతుంది. తోలు ఒలిచిన తెల్లని ముక్కను చూసి అది 24 అంగుళాల హాలిబట్‌దా, 20 అంగుళాలదా అని ఎవరూ తేల్చలేరు. రాక్‌ఫిష్‌ల విషయంలో జాతి మరింత ముఖ్యం, ఎందుకంటే పట్టుకోవచ్చన్న జాతుల మధ్యనే యెల్లోఐ వంటి, దొరికినా వదిలేయవలసిన జాతులు కూడా ఉన్నాయి. తోలు పోతే ఆ తేడా చెప్పే గుర్తు పోయినట్టే.

చట్టం పడవ మీద కత్తి పట్టవద్దని అనదు. కాలిఫోర్నియా నిబంధనల సంపుటిలో టైటిల్ 14 అనే భాగంలోని 27.65 నిబంధన కొన్ని జాతులను పడవ మీద ఫిల్లెట్ చేయడానికి అనుమతిస్తూ, ఆ మాటకు ఒక నిర్వచనం కూడా ఇస్తుంది. తలకాయ దగ్గర నుంచి తోక దాకా, చేప ఒక పక్కనున్న కండను వెన్నుముల్లు నుంచి విడదీసి, ఎక్కడా తెగకుండా ఒకే ముక్కగా తీస్తేనే అది ఫిల్లెట్. హాలిబట్ ఫిల్లెట్ కనీసం 16¾ అంగుళాలు ఉండాలి, తోలు మొత్తం దానికే అంటుకుని ఉండాలి. వెడల్పాటి చేప కనుక దాన్ని నిలువునా రెండుగా చీల్చుకోవచ్చు గాని, ఒక చివర కనీసం రెండు అంగుళాల మేర రెండు సగాలూ కలిసే ఉండాలి. వైట్ సీబాస్ అనే మరో చేపకు కనీస పొడవు 28 అంగుళాలు, దాని ఫిల్లెట్‌కు కనీస పొడవు 19 అంగుళాలు. 14 అంగుళాల కనీస కొలత ఉన్న కెల్ప్ బాస్‌కు ఏడున్నర అంగుళాల ఫిల్లెట్ మీద అంగుళం చదరం తోలు మిగిలితే చాలు. రాక్‌ఫిష్‌కు మాత్రం తోలు మొత్తం ఉండాలి. చేపను చూడని అధికారి ఫిల్లెట్‌ను చూసి చేపను ఊహించగలగాలన్నదే ఈ కొలతలన్నిటి వెనకనున్న ఆలోచన.

మన వాళ్ళకు చిక్కు వచ్చేది సరిగ్గా ఇక్కడే. మనం చేపను కత్తిపీట మీద అడ్డంగా కోస్తాము, వెన్నుముల్లుతో సహా చక్రాల్లాంటి ముక్కలు చేస్తాము, పులుసుకు రుచి ఆ ముల్లు నుంచే వస్తుంది. కానీ అడ్డంగా కోసిన ఏ ముక్కా పై నిర్వచనంలో ఇమడదు. మామగారు తోలు ఒలవకుండానే కోసి ఉన్నా, ఆ కోత పడవ మీద చెల్లేది కాదు. దురుద్దేశం లేకుండా, కాకినాడలోనో భీమవరంలోనో రోజూ చేసే పనిని ఇక్కడ చేసి, ఇంటిల్లిపాదీ హార్బరులో తలవంచుకుని నిలబడవలసి రావడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక మీ ఫోటోల సంగతి. నేరం చేప పరిమాణం గురించి కాక దాని స్థితి గురించి అయినందువల్ల, ఫోటోలు మీకు సంపూర్ణమైన రక్షణ కావు. అయితే చిన్న చేపను దాచడానికి కోయలేదని చెప్పడానికి అవి విలువైన ఆధారమే కనుక, తేదీ, సమయం కనబడేలా అసలు ఫైళ్ళను, లైసెన్సుల ప్రతులతో పాటు భద్రపరచండి. జరిమానా తగ్గించమనో, అభియోగాన్ని తేలికపరచమనో ప్రాసిక్యూటర్‌ను అడిగేటప్పుడు అవి పనికి వస్తాయి. కోసింది మామగారే అయినా సైటేషన్ మీకు ఎందుకు వచ్చిందని వాదించడం వల్ల ప్రయోజనం తక్కువ. ఐస్‌పెట్టె మీ చేతిలో ఉంది, చట్టం ఉంచుకోవడాన్నీ తప్పుపడుతుంది. పైగా ఆ వాదన పెద్దాయనను కేసులోకి లాగుతుంది.

వార్డెన్‌కు పెట్టె తెరిపించే అధికారం ఉందా అని మీరు అడగలేదు గాని, చాలామంది అడుగుతారు. పట్టిన చేపలను, లైసెన్సును అడిగిన వెంటనే చూపించాలని ఫిష్ అండ్ గేమ్ కోడ్‌లోని 2012వ సెక్షన్ చెబుతుంది. 2011లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్ళి, అంతకుముందే చేపలు పట్టి వస్తున్న వ్యక్తి కారును, తప్పు చేశాడన్న ప్రత్యేక అనుమానం లేకపోయినా, వార్డెన్ ఆపి పట్టును చూపించమనవచ్చునని తీర్పు చెప్పింది. కనుక సోదా చెల్లదన్న వాదన మీద ఆశ పెట్టుకోకండి.

సైటేషన్ మీద మీరు చేసిన సంతకం నేరాన్ని ఒప్పుకున్నట్టు కాదు, ఫలానా తేదీన హాజరవుతానన్న మాట ఇచ్చినట్టు మాత్రమే. ఆ తేదీ తప్పితే అది వేరే నేరం అవుతుంది. ఫిష్ అండ్ గేమ్ కోడ్ ఉల్లంఘన, చట్టమే వేరుగా చెప్పిన చోట తప్ప, మిస్‌డిమీనర్ (చిన్న తరహా క్రిమినల్ నేరం) కిందికి వస్తుంది గనుక, దీన్ని పార్కింగ్ టికెట్‌లా భావించి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి వదిలించుకోకండి. కోర్టుకు జవాబు చెప్పే ముందే స్థానిక క్రిమినల్ లాయరును, ఇమిగ్రేషన్ లాయరును ఇద్దరినీ సంప్రదించండి. పౌరసత్వ దరఖాస్తు అయిన ఎన్-400 ఫారం అరెస్టులనే కాక సైటేషన్ల గురించి కూడా అడుగుతుంది. నా అభిప్రాయంలో మోసం లేని ఈ చేపల కేసు కంటే, దాన్ని ఫారంలో దాచడమే మీకు ఎక్కువ ప్రమాదకరం. కేసు ముగిశాక కోర్టు నుంచి ధృవీకరించిన తుది ఉత్తర్వు ప్రతిని తప్పక తీసుకోండి.

ఈసారి వెళ్ళినప్పుడు చేపను కొలిచిన వెంటనే మొప్పల దగ్గర కోసి నెత్తురు కార్చి, పేగులు తీసి, తలకాయా తోకా అలాగే ఉంచి, మంచుముక్కలు కలిపిన సముద్రపు నీటిలో ముంచి ఉంచండి. అలా చేస్తే పొడవూ పోదు, కండా మెత్తబడదు. పదిమందితో వెళ్ళే అద్దె పడవల్లో డెక్‌హ్యాండ్‌లు (పడవ పనివాళ్ళు) డబ్బు తీసుకుని ఫిల్లెట్ చేసి ఇస్తారు. పులుసు కావాలనుకుంటే వాళ్ళు కత్తి పట్టకముందే మీ చేపలు కోయవద్దని చెప్పండి. హాలిబట్, రాక్‌ఫిష్ అయితే చేప మొత్తంగా ఒడ్డుకు చేరాక మామగారు హార్బరులో చేపలు శుభ్రం చేసే బల్ల మీద తన పద్ధతిలోనే కోసుకోవచ్చు. నదుల్లో, సరస్సుల్లో సాల్మన్ పడితే మాత్రం ఒడ్డు చేరాక కూడా ఆగాలి. మీ ఇంటికి చేరేదాకా, లేదా అప్పటికప్పుడు వండుకునే వేళ వచ్చేదాకా, దాని జాతీ పొడవూ తెలిసేలా ఉంచాలని టైటిల్ 14లోని 1.45 నిబంధన ప్రత్యేకంగా చెబుతుంది.