తాబేళ్ల లెక్కకు వెళ్లాలంటే జంతుశాస్త్రం చదివి ఉండాలా?

విశాఖలో ఉద్యోగం చేసుకుంటూ, జంతుశాస్త్రం చదవకుండానే, ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేళ్ల లెక్కకు వలంటీర్‌గా వెళ్లవచ్చా అని అడిగారు. తప్పకుండా వెళ్లవచ్చు. నేను చదివింది బీకామ్. సాగర్‌నగర్ వైపు తీరం వెంట, గూళ్లూ చచ్చిన తాబేళ్లూ లెక్కపెడుతూ, మూడు సీజన్లుగా నడుస్తున్నాను. నన్ను డిగ్రీ ఎవరూ అడగలేదు, తెల్లవారుజామున మూడింటికి లేవగలరా అని అడిగారంతే.

మన తీరంలో ఇవి ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెడతాయి. తల్లి రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసుకలో కుండలాంటి గొయ్యి తవ్వి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. మనకు మిగిలేది జాడే. తెల్లారాక వాకింగ్‌కు వచ్చేవాళ్ల అడుగుల్లో అదీ చెరిగిపోతుంది, కుక్కలు గుడ్లు తవ్వేస్తాయి.

జాడ చూడటం నాకు చేపల వేటకెళ్లే ఒక తాత నేర్పాడు. "ఎక్కిన జాడ, దిగిన జాడ రెండూ చూడు బాబూ. మధ్యలో ఇసుక చెదిరిందా లేదా చూడు" అనేవాడు. ఒక్కోసారి తాబేలు గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్లిపోతుంది. దాన్ని వేరుగా రాయాలి. మొదటి ఏడాది నేను ఫోన్ లైటు వేస్తే, ఒడ్డెక్కుతున్న తాబేలు వెనక్కి తిరిగి నీళ్లలోకి వెళ్లిపోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. మీరు లైటు వేయకండి.

చచ్చి కొట్టుకొచ్చిన వాటిని చూడటానికి మాత్రం గుండె దిటవు చేసుకోవాలి. తాబేలు గాలి పీల్చే జీవి, ట్రాలర్ (వల ఈడ్చుకెళ్లే పెద్ద మరపడవ) వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక పోతుంది. కొన్ని రోజులు గూడు ఒక్కటీ కనబడదు, కళేబరాలే కనబడతాయి. డొప్పను టేపుతో కొలిచి, చోటు రాసుకుని, మర్నాడు వచ్చినవాళ్లు మళ్లీ లెక్కపెట్టకుండా దాని మీద రంగు గీత పెడతాం. తాబేలు బయటపడే దారి ఉన్న వలలు వాడమని గట్టిగా అడగాలంటే, ఈ తేదీలూ చోట్లూ చేతిలో ఉండాలి.

ఏమీ కనబడని రోజు కూడా "నడిచాం, సున్నా" అని రాయండి. మొదట్లో నేను ఖాళీ రోజులు వదిలేసేవాణ్ణి. సీజన్ చివర చూస్తే గూళ్లు లేని రోజేదో, అసలు నడవని రోజేదో తేలలేదు. ఆ లెక్కంతా వృథా అయింది.

గుడ్లు ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూల్ జీవి, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోది. పైగా గుడ్డు అటూ ఇటూ దొర్లితే లోపలి పిండం దెబ్బతింటుంది. గుడ్లను హేచరీకి, అంటే వాటిని కాపాడి పొదిగించే చోటికి, చేర్చడం అటవీశాఖ అనుమతి ఉన్నవాళ్ల పని.

డిసెంబరులోనే అటవీశాఖ ఆఫీసులో అడగండి. వారానికి ఒక్క రోజు చాలు, కానీ సీజన్ అయ్యేదాకా అదే రోజు, అదే తీరం. మా జట్టులో శనివారం నడకకు ఒకరు తక్కువ ఉన్నారు. మీకు కుదిరితే చెప్పండి.