జనరేటర్ పది నిమిషాలకే ఆగిపోతోందా? ముందు ట్యాంకు మూత చూడండి

మీ చిన్న పెట్రోల్ జనరేటర్ పది నిమిషాలు నడిచి ఆగిపోతోందని, కాసేపాగి తాడు లాగితే మళ్ళీ స్టార్ట్ అవుతోందని రాశారు. మెకానిక్ కార్బ్యురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) మార్చమంటున్నాడు, మార్చాలా అని అడిగారు. అప్పుడే వద్దు. సగం ట్యాంకు పెట్రోల్‌తో, మూత కాస్త వదులు చేసి నడిపి చూడండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకాక మా కంచరపాలెంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్‌లో అమ్మ ఇన్సులిన్ ఉంది. అడిగి తెచ్చుకున్న జనరేటర్ అచ్చం మీదానిలాగే సతాయించింది. ప్లగ్ మార్చాం, ఎయిర్ ఫిల్టర్ దులిపాం. తాడు లాగి లాగి నా అరచేయి బొబ్బలెక్కింది. మూడో రోజు సాయంత్రం, పెట్రోల్ ఎంతుందో చూద్దామని మూత తిప్పగానే ‘స్‌స్‌’మంటూ గాలి లోపలికి పోయింది. అప్పుడర్థమైంది. మూతకున్న గాలి రంధ్రం మట్టితో పూడిపోయింది. పెట్రోల్ కిందికి దిగిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి కదా, రాకపోతే ధార ఆగిపోతుంది. పిన్నీసుతో పొడిచి గట్టిగా ఊదాను. ఆ రాత్రి ఇంజన్ మళ్ళీ మొరాయించలేదు.

అన్నట్టు, దాన్ని వాకిట్లోనే పెట్టాం. వాన పడుతోందని ఇంట్లోకి తెచ్చేవాళ్ళను చూస్తే నాకు భయం. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

మూత వదులు చేసినా ఆగితే, ఇంజన్ చల్లారాక, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని, కార్బ్యురేటర్ గిన్నె కింది డ్రైన్ స్క్రూ విప్పండి. ధార సన్నబడితే లోపం పైన ఉన్నట్టే: ట్యాంకులోని జల్లెడ, కాక్ (పెట్రోల్ కట్టేసే కుళాయి), పైపు. ధార బాగుండి, చోక్ (గాలి తగ్గించే మీట) వేస్తేనే నడుస్తుంటే మెయిన్ జెట్, అంటే కార్బ్యురేటర్‌లో పెట్రోల్ వెళ్ళే సన్నటి ఇత్తడి రంధ్రం, మూసుకుపోయుంటుంది. దాన్ని ఉక్కు తీగతో గెలకొద్దు, ఇత్తడి రంధ్రం పెద్దదైపోతుంది. క్లీనర్ స్ప్రే కొట్టండి చాలు. ఇవేవీ చూడకుండానే కార్బ్యురేటర్ మార్చేద్దాం అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమను పీల్చుకుంటుంది. మన సముద్రపు గాలిలో నెలల తరబడి వదిలేస్తే గిన్నె అడుగున నీళ్ళు, అల్యూమినియం మీద తెల్లటి పొడి చేరతాయి. అందుకే పని అయ్యాక కాక్ కట్టేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి.

మూత వదులు చేశాక ఏమైందో ఇక్కడే రాయండి, తర్వాత సంగతి చూద్దాం.