గాజు చెప్పు ఎవరి కాలిది?

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుకుంటూ చదివాను. గుమ్మడికాయ బండి బదులు ఆటో రావడం, పన్నెండు కొట్టగానే దాని మీటర్ ఆగిపోవడం భలే కుదిరాయి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. ఈ ఉత్తరం ఆ రెండో చదువు సంగతి.

నువ్వు సిండ్రెల్లాని అబ్బాయిని చేశావు, మిగిలినదంతా ఉన్నదున్నట్టు వదిలేశావు. "ఆమె" కొట్టేసి "అతను" రాసినంత మాత్రాన అది ఇద్దరు మగవాళ్ళ ప్రేమకథ అయిపోదు. పాత కథలో చెప్పుకి, గడియారానికి, సవతి తల్లికి తలా ఒక పని ఉంటుంది. ప్రేమించుకునేవాళ్ళు మారితే ఆ పనులూ మారతాయి. ఎలా మారాయో వెతికి పట్టుకోవడంలోనే ఈ రకం కథలోని చిలిపితనమంతా ఉంది.

ఆ చెప్పునే తీసుకో. గాజు చెప్పుతో మనకు తెలిసిన కథ ఫ్రాన్సులో చార్లెస్ పెరో అనే రచయిత 1697లో అచ్చువేసినది. రాత్రంతా కలిసి నాట్యం చేసినవాడికి ముఖం గుర్తులేక చెప్పు పట్టుకుని తిరగడమేమిటని చిన్నప్పుడు నాకు అనుమానం ఉండేది. నీ కథలో ఆ అనుమానానికి చక్కటి జవాబు ఉంది, నువ్వే చూసుకోలేదు. నీ రాకుమారుడికి ఆ ముఖం బాగా గుర్తుంది. కానీ "నాకు కావలసింది ఫలానా అబ్బాయి" అని నిండు సభలో ఎలా చెప్తాడు? చెప్పు అతనికి ఒక సాకు. రాజుగారు మాత్రం "రాజ్యంలోని ఆడపిల్లలందరూ వచ్చి తొడిగి చూడాలి" అని దండోరా వేయిస్తాడు. భటులు ఇంటికొస్తారు. అక్కలిద్దరి కాళ్ళూ కొలుస్తారు. వంటింట్లో గిన్నెలు తోముతున్న అబ్బాయిని మంచినీళ్ళు అడిగి తాగి, వెళ్ళిపోతారు. అతని కాలు ఎవరి లెక్కలోనూ లేదు. ఈ సీను నీ డ్రాఫ్ట్‌లో లేదు. నాకు తెలిసి కథంతా ఇక్కడే ఉంది.

గ్రిమ్ సోదరుల జర్మన్ కథలో చెప్పు బంగారంది. అందులో తల్లి మాట విని ఒక అక్క బొటనవేలు కోసుకుంటుంది, ఇంకొకామె మడమ చెక్కుకుంటుంది. పెద్దవాళ్ళు చూపించిన చెప్పులో పట్టడానికి తన ఒళ్ళు తనే కోసుకోవడం ఎలా ఉంటుందో నీ హీరోకి తెలియదా? ఇంట్లో పెళ్ళిచూపుల టెన్షన్ పడిన ప్రతి గే కుర్రాడికీ తెలుసు. అందుకే ఆ అక్కలని ఉత్త దుర్మార్గులుగా వదిలెయ్యకు. రక్తం కారుతున్న ఆ కాలికి కట్టు కట్టేది అతనే అయితే ఎలా ఉంటుందో ఆలోచించు.

ఇంకో కథ చెప్తాను, దీని మీద నాకు ఎంత ప్రేమో! గ్రిమ్ సోదరులు 1812లో వేసిన మొదటి సంపుటంలో మొట్టమొదటి కథ కప్పరాజుది. అందులో ముద్దు లేదు. రాకుమారి కప్పని గోడకేసి కొడితే రాకుమారుడు బయటికొస్తాడు. ఆ కథకి రెండో పేరు కూడా ఉంది: ఇనుప హెన్రిక్. హెన్రిక్ రాకుమారుడి నమ్మినబంటు. యజమాని కప్ప అయిపోయాడన్న దుఃఖానికి గుండె పగిలిపోకుండా చుట్టూ మూడు ఇనుప పట్టీలు బిగించుకున్నాడు. శాపం తీరాక కొత్త జంట బండిలో కూర్చుని, హెన్రిక్ వెనక నిలబడి వెళ్తుంటే పట్టీలు ఒక్కొక్కటే ఫట్‌మని తెగుతాయి. బండి విరుగుతోందేమోనని రాకుమారుడు కంగారు పడతాడు. కాదు, నా గుండె మీది పట్టీ అంటాడు హెన్రిక్. అంత ప్రేమ చూపించినవాడిని బండి వెనకే నిలబెట్టేసి కథ ముగుస్తుంది. నువ్వు కొత్తగా ఏమీ చేర్చక్కర్లేదు. హెన్రిక్ వైపు నుంచి చెప్పడం మొదలుపెడితే చాలు.

జలకన్య కథ ముట్టుకుంటే మాత్రం మెల్లిగా ముట్టుకో. డెన్మార్క్ రచయిత ఆండర్సన్ దాన్ని 1837లో ప్రచురించాడు. అంతకు ముందు ఏడాదే, తను మనసారా ప్రేమించి ఉత్తరాలు రాసిన ఎడ్వర్డ్ కొలిన్ పెళ్ళి అయింది. ఆ ప్రేమకి బదులివ్వలేకపోయానని, అది ఆండర్సన్‌ని చాలా బాధపెట్టిందని కొలిన్ తర్వాత తనే రాశాడు. గొంతు పోగొట్టుకుని, ప్రేమించినవాడి పెళ్ళిని పక్కనే నిలబడి చూసిన జలకన్యలో చాలామంది ఆండర్సన్‌ని చూస్తారు. ఆయనకి ఇప్పటి పేరేదో తగిలించమని అనడం లేదు. ఆ కథతో ఆడుకునేటప్పుడు చేతిలో ఏముందో తెలిసి ఆడుకోమంటున్నాను.

ఇక భాష. తెలుగులో ఇద్దరు మగవాళ్ళ ప్రేమ రాస్తే మొదటి పేరాలోనే చిక్కు వస్తుంది. "అతను అతని చెయ్యి పట్టుకున్నాడు" అని రాశావు. ఎవరు, ఎవరిది? ఒకరిని పేరుతో, ఇంకొకరిని "అతను" అని పిలిస్తే సగం తీరుతుంది. "తను" అన్న మాట ఇంకా అక్కరకొస్తుంది. ఇక పిలుపులు. పాత ఇళ్ళల్లో భార్య "ఏవండీ" అంటుంది, భర్త "ఏమే" అంటాడు. ఎవరు ఎక్కువో పిలుపే చెప్పేస్తుంది. నీ ఇద్దరికీ అలాంటి తయారు పిలుపులు లేవు, అది నీ అదృష్టం. వంటింటి కుర్రాడు రాకుమారుడిని "మీరు" దగ్గర మొదలుపెట్టి ఎప్పుడు "నువ్వు"లోకి దిగాడు? స్నేహితులు అనుకునే "ఏరా" ఏ రోజు మెత్తబడింది? ఒక్క పిలుపు మారితే తెలుగు పాఠకుడికి ముద్దు సీను అక్కర్లేదు. "స్వలింగ సంపర్కుడు" అన్న పత్రికల మాట మాత్రం తీసెయ్. అందులో మనిషీ లేడు, ప్రేమా లేదు. గే అనే రాయి, అందరికీ అర్థమవుతుంది.

చిలిపిగా రాయడం అంటే ఆ ఇద్దరినీ చూసి నవ్వించడం కాదు. నడకనీ గొంతునీ వెక్కిరించే కామెడీ మన సినిమాల్లో చాలానే చూశాం. నవ్వు దండోరా మీదికి, రాజుగారి మీదికి పోవాలి. మరొకటి, పాత కథల్లో వయసులు చెప్పరు. నువ్వు చెప్పు, ఇద్దరూ పెద్దవాళ్ళని స్పష్టంగా రాయి. నిద్రపోతున్నవాళ్ళని ముద్దుపెట్టుకోవడం లాంటివి నీ కథలోకి రానివ్వకు.

చివర్లో రాకుమారుడిని ఎందుకు చంపావు? నిన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఇలాంటి ప్రేమ మీద నేను రాసిన మొదటి కథలో నేనూ ఒకరిని చంపేశాను. చావుంటేనే బరువుంటుందనుకున్నాను. ఒక పాఠకుడు కార్డు రాశాడు, "మా కథల్లో మేమే ఎందుకు చావాలండీ?" అని. ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

పెళ్ళితో ముగిస్తే చవకబారుగా ఉంటుందని నీ భయం. ఆడా మగా కథలో పెళ్ళి మామూలు ముగింపే కావచ్చు. మన దేశంలో ఇద్దరు మగవాళ్ళ మధ్య శారీరక సంబంధాన్ని నేరంగా చూసిన, 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ నుంచి ఇష్టపడ్డ పెద్దవాళ్ళకి సుప్రీంకోర్టు విముక్తి ఇచ్చింది 2018 సెప్టెంబర్ 6న. 2023 అక్టోబర్ 17న అదే కోర్టు ఇద్దరు మగవాళ్ళ పెళ్ళికి చట్టబద్ధత ఇవ్వడానికి ఒప్పుకోలేదు. బయట దొరకని పెళ్ళిని "అనగనగా" అన్న ఒక్క మాట చాటున నువ్వు జరిపించగలవు. జరిపించు. పందిరి వెయ్యి, భోజనాలు పెట్టు, కాలికి కట్టుతో అక్కని కుంటుకుంటూ అక్షింతలు తీసుకురానీ.

ముందు ఆ వంటింటి సీను రాసి పంపు. భటులు వెళ్ళిపోయాక రాకుమారుడు ఒక్కడే వెనక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి, ఆ అబ్బాయిని ఏమని పిలిచాడో నాకు చదవాలని ఉంది.

ప్రేమతో,
అక్క