కంపెనీ మోసం సగమే, మిగతా సగం మన ఇంట్లోనే ఉంది

"200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా 40 కూడా రావడం లేదు, కంపెనీ మోసం చేస్తోందా?" అని అడిగారు. చేస్తోంది. కానీ దాన్ని తిట్టే ముందు మీ ఇంట్లో లాన్ వైరు (రూటర్ నుంచి కంప్యూటర్‌కు పెట్టేది) చివర ఉన్న క్లిప్పును ఒక్కసారి వెలుతురులో పెట్టి చూడండి. నేను చూడక మూడు నెలలు పోగొట్టుకున్నాను.

మాది కడప. పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఒక్కో పెళ్ళికి ఫొటోలు, వీడియోలు కలిపి 60, 70 జీబీ వస్తాయి. అందుకే పెద్ద ప్లాన్ వేయించుకున్నా. స్పీడ్ టెస్ట్ పెడితే నా గదిలో వైఫై మీద 30, 35. ఫోన్ చేస్తే "రూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" తప్ప ఇంకో మాట లేదు. మా బోరు మోటారు కూడా అన్నిసార్లు ఆగి తిరిగి ఉండదు.

చివరికి ఒక కుర్రాడు వచ్చాడు. వైఫై వద్దని, ముందు గదిలో రూటర్ పక్కనే నా లాప్‌టాప్‌కు లాన్ వైరు పెట్టి చూశాడు. 94. మళ్ళీ చూశాడు, 94. మూడోసారీ అంతే. "ఏమప్పా, సగం కూడా రాలేదే!" అన్నాను. వాడు నవ్వాడు. "అన్నా, ఒకసారి 60, ఒకసారి 130 అని ఊగుతా ఉంటే లైను మీద అనుమానపడాల. 94 కాడ గుంజ పాతినట్టు నిలబడిందంటే తప్పు ఇంట్లోనే ఉంది."

వైరు క్లిప్పు కత్తిరించి పైతోలు ఒలిచాడు. లోపల ఎనిమిది సన్న తీగలున్నాయి. క్లిప్పులోకి దూర్చినవి మాత్రం నాలుగే, నారింజ జత, ఆకుపచ్చ జత. నీలం, గోధుమ రంగువి మొదట్లోనే తెంపేసి ఉన్నాయి. ఇల్లు రిపేరు చేయించినప్పుడు మా ఎలక్ట్రీషియన్ చేసిన నిర్వాకం అది. నాలుగు తీగలతో 100 మించి పోదు, అందులో పైఖర్చులు పోను మనకు కనపడేది 94, 95. కుర్రాడు ఎనిమిదీ వరసగా పేర్చి కొత్త క్లిప్పు బిగించాడు. 191 వచ్చింది. మూడు నెలలు నేను తిట్టింది కంపెనీని! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, వీడు పది నిమిషాల్లో పట్టేశాడు. వైరు బాగున్నా 94 దగ్గరే ఆగితే రూటర్ వెనక పోర్టు చూడండి. ఊరికే ఇచ్చే చవక రూటర్లలో చాలావాటికి 100 పోర్టులే ఉంటాయి.

ఇంకో గందరగోళం. ఫైలు దిగేటప్పుడు కంప్యూటర్ 25 అని చూపిస్తే గుండెలు బాదుకోకండి. అది మెగాబైట్లు, ప్రకటనలో ఉన్నది మెగాబిట్లు. ఒక బైటంటే ఎనిమిది బిట్లు. ఎనిమిదితో గుణిస్తే మీ 200 మీకు వచ్చినట్టే. పెద్ద అంకె కనపడాలని బిట్లలో రాస్తారని నా గట్టి నమ్మకం. ధర దగ్గర మాత్రం చిన్న అంకె కావాలి, అందుకని 799 అని రాసి, 18 శాతం జీఎస్టీ వేసి 943 కట్టించుకుంటారు. ఆషాఢం సేల్ బోర్డు మీద "50 శాతం" కొండంత, "వరకు" ఆవగింజంత ఉంటుంది చూడండి, ఇంటర్నెట్ ప్రకటనలో 200కు ముందుండే "అప్ టు" కూడా అంతే.

రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా స్పీడు పడిపోతే అది మాత్రం వాళ్ళ తప్పే. ఇళ్ళకు వచ్చే మామూలు ఫైబర్‌లో కంపెనీ వైపు ఒక పోర్టుకు సుమారు 2500 ఎంబీపీఎస్ దిగుతుంది. దాన్ని స్తంభం మీది డబ్బాల్లో చీల్చి 32 ఇళ్ళకో, 64 ఇళ్ళకో పంచుతారు. 32 ఇళ్ళూ ఒకేసారి లాగితే ఇంటికి 80 కూడా రాదు. అందరూ ఒకేసారి లాగరులే అన్న లెక్క మీదే వ్యాపారం నడుస్తుంది. ఐపీఎల్ రోజుల్లో ఆ లెక్క తప్పుతుంది.

ఇక నా గదిలో 35 సంగతి. వైరు బాగైనా అది 40 దాటలేదు. మా తాత కట్టించిన ఇల్లు. ఊళ్ళో అందరూ నేలకు పరిచే నాపరాయినే ఆయన గోడలకు పేర్పించాడు, రెండడుగుల మందం. ఎండాకాలం ఫ్యాను లేకపోయినా చల్లగా ఉంటుంది గానీ, వైఫైలో వేగమైన 5 గిగాహెర్ట్జ్ రకం రెండో గోడ దగ్గరే చచ్చిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ రకమైతే దాటుతుంది, కానీ మొదటే నెమ్మది, పైగా చుట్టుపక్కల ఇళ్ళ వైఫైలన్నీ అందులోనే కొట్టుకుంటుంటాయి.

గోడకు బెజ్జం వేసి వైరు లాగుదామంటే మా నాయన ఒప్పుకోలేదు. "మా నాయన కట్టిన గోడకు బొక్క పెడతావా?" అని రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. ఇప్పుడు వైరు కిటికీలోంచి వస్తోంది. స్పీడు 190. కిటికీ పూర్తిగా మూసుకోదు కాబట్టి రాత్రిళ్ళు ఒక చేత్తో మౌసు, ఒక చేత్తో దోమల బ్యాటు.