ప్యాంటు రంగును బట్టి మేజోళ్లు

ఒంగోలులో కొత్త ఉద్యోగానికి ముదురు నీలం ప్యాంటు, గోధుమరంగు బూట్లు కొనుక్కొని, లోపల తెల్ల మేజోళ్లు వేసుకుంటే తోటివారు నవ్వారని మీరు ఉత్తరంలో రాశారు. మేజోళ్లను బూట్లను బట్టి కాక ప్యాంటును బట్టి ఎంచుకుంటే, కూర్చున్నప్పుడు ప్యాంటు అంచు పైకి జరిగినా కాలు ఒకే రంగులో సాగినట్టు కనిపిస్తుంది కనుక, మీకు ముదురు నీలం మేజోళ్లే తగినవి. బూడిదరంగు ప్యాంటుకు బూడిదరంగువే. తెల్లవి ఆటబూట్లకు వదిలేయండి. పొడవు పిక్క సగం దాకా ఉండాలి. చీలమండ దగ్గరే ఆగిపోయేవి, కుర్చీలో కాలు మీద కాలు వేయగానే వెంట్రుకల కాలును నలుగురికీ చూపిస్తాయి. మన ఒంగోలు ఎండలకు పూర్తి నైలానువి వద్దు. నూలు ఎక్కువగా ఉండి, సాగడానికి కొద్దిగా ఎలాస్టేన్ కలిసినవి మేలు. అయితే నూలు చెమటను పీల్చుకున్నంత త్వరగా ఆరదు కనుక రోజుకొక జత మార్చండి. పెళ్లికి పంచె కడితే మాత్రం ఈ బెంగే లేదు, చెప్పులు చాలు.