ఆదివారం పొద్దున ఇల్లు చూడకు

చందానగర్, హైదరాబాద్.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న ఫోనులో నువ్వు అడిగినదానికి ఏదో తోచింది చెప్పి పెట్టేశాను. రాత్రి పడుకున్నాక, పిల్ల అంత ఆశగా అడిగితే నేను చెప్పింది అదా అని మనసు పీకింది. అందుకే ఈ ఉత్తరం.

అల్లుడు గారి ఆఫీసు నానక్‌రామ్‌గూడలో, నీ బ్యాంకు బేగంపేటలో. పాప రెండో తరగతికి వస్తుంది, బాబుకు మూడేళ్లు. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులు. హైదరాబాద్‌కు మారి వస్తున్న మీ అయిదుగురికీ ఇల్లు తీసుకోవడానికి కుదిరే చోటు ఎక్కడ అని కదా అడిగావు. ఆదివారం పొద్దున దిగి, నాలుగు ఇళ్లు చూసి, ఒకటి ఖాయం చేసుకుని రాత్రి రైలుకు వెళ్లిపోతానన్నావు. ముందు ఆ ఆలోచన మానుకో తల్లీ.

ఆదివారం పొద్దున హైదరాబాద్ వేరే ఊరు. గచ్చిబౌలి కూడలిలో బండి ఆపే పని కూడా ఉండదు. ఇల్లు చూపించే ఏజెంటు "ఇక్కడి నుంచి మీ ఆఫీసుకు పావుగంట మేడమ్" అంటాడు. అతను అబద్ధం చెప్పడు, ఆ పూటకు అది నిజమే. అదే దారిలో మంగళవారం సాయంత్రం ఆరున్నరకు, అందులోనూ సన్నగా వాన పడుతుంటే, నువ్వు కారులో కూర్చుని ముందున్న బండి ఎర్రదీపం చూస్తూ గంట గడుపుతావు. ఈ ఊళ్లో దూరం కిలోమీటర్లలో చెబితే నమ్మకు. ఎంతసేపు పడుతుందో అడుగు, అదీ ఏ వేళకో అడుగు. వెళ్లేటప్పటికంటే వచ్చేటప్పుడు ఎంతసేపో చూసుకో. పొద్దున ఆలస్యమైతే ఆఫీసులో ఒక మాట పడతాం. సాయంత్రం ఆలస్యమైతే పిల్లలు అన్నం తినకుండా గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారు.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. 1991లో మేము వనస్థలిపురంలో స్థలం కొని రెండు గదులు వేసుకున్నాం. మీ పెదనాన్నకు పటాన్‌చెరు దగ్గర ఒక కర్మాగారంలో పని. ఊరికి ఆ చివర ఇల్లు, ఈ చివర ఉద్యోగం, మధ్యలో నలభై కిలోమీటర్ల పైన. పొద్దున అయిదున్నరకు క్యారియర్ కట్టి ఇస్తే కోఠిలో బస్సు మారి వెళ్లేవారు. తిరిగి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. సొంత ఇల్లు కదా అని మురిసిపోయాం, ఈ తిరుగుడు లెక్కలోకే తీసుకోలేదు.

ఒక ఏడాది బడులు తెరిచే ముందు మీ అన్నయ్యకు బూట్లు కొనాల్సి వచ్చింది. ఆదివారాలు కూడా పని పడిన నెల అది. ఆయన వచ్చేసరికి వాడు నిద్రపోయాడు. మంచం చివర కూర్చుని, నా కుట్టుపెట్టెలోంచి తెల్లదారం తీసి, వాడి మడమ నుంచి బొటనవేలి దాకా ఆనించి, అక్కడ ముడి వేసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. మర్నాడు రాత్రి మళ్లీ ఆ దారం తీసి వాడి పాదానికి ఆనించి చూశారు, ముడి సరిగ్గా వేశానో లేదో అని. బూట్లు సరిపోయాయి. వాటిని పొద్దున వాడి కాళ్లకు తొడిగింది మాత్రం నేనే. ఎనిమిదేళ్లు అలా గడిచాక 1999లో ఆ ఇల్లు అద్దెకిచ్చి, నేను టీచరు ఉద్యోగంలో బదిలీ పెట్టుకుని, చందానగర్‌లో అద్దె ఇంట్లో దిగాం. సాయంత్రం ఆరున్నరకల్లా ఆయన గేటు తీసిన చప్పుడు వినిపించేది. సొంత ఇంట్లో లేని సంసారం అద్దె ఇంట్లో దొరికింది నాకు.

ఇక మీ సంగతి. మీ ఇద్దరి ఆఫీసులూ ఊరికి చెరో పక్కన ఉన్నాయి కాబట్టి సరిగ్గా మధ్యలో ఇల్లు తీసుకుంటే న్యాయం అనుకుంటారు. మధ్య అంటే పటం మీద మధ్య కాదు, ఇద్దరికీ ఒకే దారి దొరికే చోటు. మన అదృష్టం, నీ బేగంపేట, ఆయన దిగాల్సిన రాయదుర్గం రెండూ మెట్రో బ్లూ లైన్ మీదే ఉన్నాయి. 2017 నవంబరులో మెట్రో మొదలైంది, రాయదుర్గం దాకా పొడిగించింది 2019 నవంబరులో. మధురానగర్ స్టేషన్ ఎక్కితే నీకు బేగంపేట రెండో స్టేషన్, అల్లుడు గారికి రాయదుర్గం ఎనిమిదోది. ఎక్కడా మారే పని లేదు. రాయదుర్గంలో దిగాక నానక్‌రామ్‌గూడకు ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉంటుంది. వాళ్ల కంపెనీ బస్సు స్టేషన్‌కు వస్తుందో లేదో ఇప్పుడే కనుక్కోమను, రాకపోతే రోజూ ఆటో ఖర్చు లెక్క వేసుకోమను. పొద్దున పూట అమీర్‌పేటలో నిండిపోయిన బండే మధురానగర్‌కు వస్తుంది, కాబట్టి ఆయనకు కూర్చునే చోటు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. నిలబడి వెళ్లినా వేళకు చేరతారు, అది ముఖ్యం.

ఆ చుట్టుపక్కల యూసుఫ్‌గూడ, కల్యాణ్‌నగర్, వెంగళరావునగర్ పాత కాలనీలు. ఇళ్లు కొంచెం ఇరుకు, కారు పెట్టుకోవడానికి రోజూ తంటా. కానీ బడులు, మందుల షాపులు, డాక్టర్లు, గుడి అన్నీ నడిచే దూరంలో ఉంటాయి. ఎర్రగడ్డ రైతుబజారు దగ్గర. యూసుఫ్‌గూడలో కృష్ణకాంత్ పార్కు ఉంది, సాయంత్రం అయిదింటికి వెళ్లి చూడు, ఎంతమంది పెద్దవాళ్లు బెంచీల మీద కూర్చుని మాట్లాడుకుంటారో. మీ అత్తగారు ఉన్న ఊరు వదిలి వస్తున్నారు. ఆవిడకు పక్కింటి వాకిట్లో పలకరించే మనిషి కావాలి. పన్నెండో అంతస్తులో ఎంత పెద్ద బాల్కనీ ఉన్నా ఆ లోటు తీరదు.

రెండో దారి నల్లగండ్ల, తెల్లాపూర్ వైపు. కొత్త ఇళ్లు, వెడల్పు రోడ్లు, గేటు లోపల పిల్లలు భయం లేకుండా ఆడుకునే చోటు. అల్లుడు గారు బండి మీద నానక్‌రామ్‌గూడ చేరిపోవచ్చు. నువ్వు లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కితే నేరుగా బేగంపేటలో దిగుతావు. ఆ రైలు 2003 నుంచి ఉంది, టికెట్టు చవక, ట్రాఫిక్ బాధ లేదు. కానీ ఒక రైలు తప్పిపోతే తర్వాతి దానికోసం చాలాసేపు చూడాలి. నెలాఖరుకు బ్యాంకులో లెక్కలు తేలక ఆలస్యమైన రోజున ఇంటికి చేరేసరికి పిల్లలు పడుకుంటారు.

నువ్వు నల్లగండ్ల వస్తే నాకు పిలిస్తే పలికే దూరం. పండక్కి పాప జడ నేనే వేయొచ్చు. నాకు ఆ ఆశ చాలా ఉంది. అయినా నీ మేలు కోరి చెబుతున్నాను, మొదటి ఏడాదికి మధురానగర్ వైపే చూడు. కారణం ఒక్కటే. మధ్యాహ్నం రెండింటికి బడి నుంచి "పాపకు జ్వరం" అని ఫోను వస్తే ముందు చేరేది ఎవరు? కంపెనీ మీటింగులో ఉన్న అల్లుడు గారు లేవలేరు, మీ అత్తగారు మెట్లు దిగలేరు. వెళ్లేది నువ్వే. అందుకని ఇంట్లో అందరికంటే నీ దారి చిన్నదిగా ఉండాలి. ఆయన పది నిమిషాలు ఎక్కువ ప్రయాణం చేసినా పరవాలేదు, ఈ మాట నేను అన్నానని ఆయనకు చెప్పు. ఇంకో సంగతి, బ్యాంకు ఉద్యోగం కదా, రెండు మూడేళ్లకు బ్రాంచి మారుస్తారు. మెట్రోకు దగ్గరగా ఉంటే సికింద్రాబాద్‌కు వేసినా అదే బండిలో నేరుగా వెళ్లొచ్చు, దిల్‌సుఖ్‌నగర్‌కు వేసినా అమీర్‌పేటలో బండి మారి వెళ్లిరావచ్చు. తెలంగాణ చిరునామా ఉన్న ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లో టికెట్టు లేదు. ఆధార్ కార్డు బ్యాగులో ఉంచుకో.

బడి సంగతి ఇంటికంటే ముందు తేల్చుకో. చాలామంది ఇల్లు తీసుకుని తర్వాత బడి వెతుకుతారు. సీటు ఎక్కడో దొరుకుతుంది, పసిపిల్ల పొద్దున ఏడింటికి నిద్రకళ్లతో బస్సు ఎక్కి కాలనీలన్నీ చుట్టి గంటకు బడి చేరుతుంది. ముప్పయ్యేళ్లు పాఠం చెప్పాను, మొదటి పీరియడ్‌లో బల్ల మీద తల వాల్చే పిల్లలు ఎక్కువగా దూరం నుంచి వచ్చేవాళ్లే. పేరున్న బడి కంటే నడిచి వెళ్లగలిగే మంచి బడి నయం. ఇక్కడ జూన్ రెండో వారంలో తెరుస్తారు, మంచి బడుల్లో అంతకు నెలల ముందే సీట్లు అయిపోతాయి. ఈ వారమే రెండు మూడు బడులకు ఫోను చెయ్యి.

ఇల్లు చూసేటప్పుడు గదులు తర్వాత చూడొచ్చు, ముందు నీళ్ల సంగతి తెలుసుకో. మంజీరా కనెక్షన్, అంటే వాటర్ బోర్డు కుళాయి ఉందా, ఎన్ని రోజులకు ఒకసారి వదులుతారు, సంపు ఎంత పెద్దది, ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎండుతుందా? కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చినా జనం ఇంకా మంజీరా అనే అంటారు, నువ్వూ అలాగే అడుగు. చాలా కాలనీల్లో రోజు విడిచి రోజు వస్తాయి, అది మామూలే. ఎండాకాలంలో వీధిలో ట్యాంకర్లు వరసగా నిలబడ్డాయంటే మాత్రం మెయింటెనెన్స్ ఖర్చు అద్దెతో పోటీ పడుతుంది. ఓనరును అడిగితే నీళ్లకు కరువే లేదంటాడు. వాచ్‌మన్ భార్యను అడుగు, వీధి చివర ఇస్త్రీ బండి అతన్ని అడుగు. వాళ్లు చెప్పేది నిజం.

ఆ తర్వాత వాన నీళ్ల సంగతి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు ఈ ఊళ్లో ఎన్ని కాలనీలు మునిగాయో నువ్వు టీవీలో చూశావు. రెండు నెలల తర్వాత మా తోటి టీచరు సరూర్‌నగర్ చెరువు కింది వైపు అద్దె ఇల్లు చూస్తూ నన్ను తోడు తీసుకెళ్లింది. శుభ్రంగా ఉంది, సెల్లారుకు కొత్తగా లేత నీలం రంగు వేశారు. అయితే ఆ రంగు నా నడుము ఎత్తు దాకానే కొత్తది, పైన పాతదే. మెట్ల కింద మోటారు గది తలుపు తీస్తే లోపలి గోడకు రంగు వేయడం మరిచిపోయారు. అదే ఎత్తులో మట్టి చార గీత గీసినట్టు ఉంది. మేము గేటు దాటి బయటికి వచ్చేశాం. నువ్వూ ప్రతి ఇంట్లో సెల్లారులోకి దిగి, మోటారు గది, మీటర్ల బోర్డు ఎంత ఎత్తులో ఉన్నాయో చూడు. మీటర్లు ఈమధ్యే పైకి జరిపినట్టు కనిపిస్తే ఎందుకని అడుగు. కాలనీ పేరులో చెరువనో, కుంటనో ఉంటే పక్కన నాలా ఎటు పోతుందో కనుక్కో.

చిన్న చిన్నవి కొన్ని. ఫంక్షన్ హాలు పక్కన ఇల్లు వద్దు, ముహూర్తాల నెలల్లో బ్యాండు మోతకు బాబు నిద్రపోడు. వైన్ షాపు ఉన్న సందు అసలే వద్దు. రాత్రి ఎనిమిదిన్నరకు ఒకసారి ఆ వీధిలో నడువు, దీపాలు వెలుగుతున్నాయా, ఆడపిల్లలు ఒంటరిగా నడుస్తున్నారా, కుక్కలు గుంపుగా తిరుగుతున్నాయా చూడు.

అల్లుడు గారు వచ్చీ రాగానే ఫ్లాటు కొందామంటున్నారని చెప్పావు. ఏడాది ఆగమను. పదకొండు నెలల అగ్రిమెంటు, రెండు మూడు నెలల అడ్వాన్సు, నచ్చకపోతే సామాను సర్దుకుని వేరే చోటికి పోవచ్చు. కొన్న ఇల్లు నచ్చకపోయినా అక్కడే ఉండాల్సి వస్తుంది, వనస్థలిపురంలో మేము ఉన్నట్టు. కొనే రోజు వచ్చినప్పుడు ఆ ప్రాజెక్టు ప్రభుత్వం దగ్గర నమోదైనట్టు చెప్పే రెరా నంబరు చూసుకోండి, ఆ సర్వే నంబరు చెరువు శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో ఉందేమో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల పటాల్లో చూసుకోండి. 2024లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి చెరువుల్లో కట్టినవి పడగొట్టింది. ఆ పటాలు చూడటానికి ఒక పూట సెలవు పెట్టుకున్నా తప్పు లేదు.

కాబట్టి ఆదివారం పొద్దున దిగే రైలు కాదు, ఆదివారం రాత్రి బయలుదేరే రైలుకు టికెట్టు తీసుకో, సోమవారం పొద్దున నా దగ్గర దిగు. రెండు రోజులు సెలవు పెట్టు, దొరకకపోతే మీ మేనేజరు గారికి పెద్దమ్మకు ఒంట్లో బాగాలేదని చెప్పు, నాకు అభ్యంతరం లేదు. సోమవారం ఇళ్లు చూద్దాం. మంగళవారం సాయంత్రం ఆరింటికి ఇద్దరం రాయదుర్గం స్టేషన్‌కు వెళ్లి, అల్లుడు గారు రోజూ వచ్చినట్టే జనంలో ఎక్కి, మధురానగర్‌లో దిగి, నచ్చిన ఇంటి గేటు దాకా నడుద్దాం. నా పాత చేతి గడియారం పెట్టుకుని వస్తాను. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు, పాప పాదం కొలత కాగితం మీద గీసి తీసుకురా, ఇక్కడ బడి బూట్లు నేను కొంటాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ