బ్యాంకాక్ వెళ్ళే మేనల్లుడికి, డబ్బు మార్చుకోవడం గురించి

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వూ అమ్మాయీ బ్యాంకాక్ వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. బ్యాంకులో విదేశీ మారకపు విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిని కనుక, ఈ విషయం నీకు వివరంగా రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

పట్టుచీర కొనడానికి నాలుగు దుకాణాలు తిరిగే మన బరంపురం వాళ్ళు, డాలర్లు కొనేటప్పుడు మాత్రం మొదటి కౌంటర్ చెప్పిన ధరకే తల ఊపేస్తారు. "కమిషన్ లేదు" అన్న బోర్డు చూసి మోసపోవద్దు, ఎందుకంటే ఆ కమిషన్ ధరలోనే కలిసిపోయి ఉంటుంది. డాలరు మార్కెట్ ధర 90 రూపాయలు ఉన్న రోజున ఒకరు 91 చొప్పున ఇచ్చి 500 రూపాయల కమిషన్ అడిగారనీ, మరొకరు కమిషన్ లేకుండా 92.50 అన్నారనీ అనుకుందాం. వెయ్యి డాలర్లకు మొదటివారి దగ్గర 91,500, రెండోవారి దగ్గర 92,500 అవుతుంది. అందుచేత "అన్నీ కలిపి నేను ఎంత కట్టాలి, నా చేతికి ఎన్ని డాలర్లు వస్తాయి" అన్న ఒక్క ప్రశ్ననే అందరినీ అడుగు. లక్ష రూపాయల వరకు మార్పిడి మొత్తంలో ఒక శాతాన్ని సేవ విలువగా లెక్కగట్టి, దానిపై 18 శాతం జీఎస్టీ వేస్తారు; అంటే లక్షకు 180 రూపాయలే. పన్ను పేరు చెప్పి అంతకు మించి అడిగితే లెక్క చూపించమను.

రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్నవారి దగ్గరే కొని, రసీదు తప్పక తీసుకో. 50,000 రూపాయలు దాటితే నగదుగా కాక బ్యాంకు ఖాతా ద్వారానే చెల్లించాలి. థాయిలాండ్ వంటి దేశాలకు ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్ల విలువకు మించి నోట్ల రూపంలో ఇవ్వరు. మన ఊళ్ళో విదేశీ నోట్లు ఎప్పుడూ సిద్ధంగా ఉండవు కనుక వారం ముందే చెప్పి ఉంచు. విమానాశ్రయంలో చూసుకుందాంలే అని భువనేశ్వర్‌కో విశాఖపట్నానికో ఖాళీ చేతులతో వెళ్ళవద్దు. అక్కడి కౌంటర్ ధర ఎప్పుడూ భారమే.

మన దగ్గర థాయిలాండ్ కరెన్సీ అయిన బాట్ల అమ్మకం తక్కువ కాబట్టి వాటి ధరలో తేడా ఎక్కువగా ఉంటుంది. చాలాసార్లు డాలర్లు తీసుకెళ్ళి అక్కడ మార్చుకోవడమే లాభం, అయినా రెండు లెక్కలూ వేసి చూసుకో. నూరు డాలర్ల నోట్లే అడుగు. చిన్న నోట్లకు అక్కడ తక్కువ ధర ఇస్తారు, చిరిగినవీ రాతలున్నవీ తిరస్కరిస్తారు. బ్యాంకాక్‌లో దిగే సువర్ణభూమి విమానాశ్రయం కింది అంతస్తులో, నగరానికి వెళ్ళే రైలు ఎక్కే చోట ఉన్న కౌంటర్లు పై అంతస్తులలోని బ్యాంకు కౌంటర్ల కంటే మంచి ధర ఇస్తాయి. పాస్‌పోర్టు చేతిలో ఉంచుకో.

ఇక అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచినది కార్డు గురించి. దుకాణంలో యంత్రం మీద "రూపాయలలో చెల్లిస్తారా, బాట్లలోనా" అని కనిపిస్తుంది. రూపాయలు మనవే కదా అని అది నొక్కితే, వాళ్ళు నిర్ణయించిన ధరకే లెక్క కడతారు, అది మన బ్యాంకు ధరకన్నా చాలా ఎక్కువ. ఎప్పుడూ బాట్లే ఎంచుకో. ఏటీఎంలో అడిగినా అదే చెయ్యి. అక్కడి ఏటీఎంలు విదేశీ కార్డుకు ప్రతిసారీ 200 బాట్లకు పైగా రుసుము పట్టుకుంటాయి కనుక, చిన్న మొత్తాలు పలుమార్లు తీయకుండా ఒకేసారి తీసుకో. మామూలు క్రెడిట్ కార్డులు చాలావాటికి విదేశీ లావాదేవీపై దాదాపు 3.5 శాతం అదనంగా పడుతుంది. నీ కార్డుకు ఎంతో బయలుదేరే ముందే బ్యాంకును అడుగు.

మిగిలిన బాట్లను అక్కడే ఖర్చు చేసి రావడం మంచిది, తిరిగి అమ్మితే మళ్ళీ ధర కోసుకుంటారు. మిగిలిన డాలర్లలో 2,000 వరకు నీ దగ్గరే ఉంచుకోవచ్చు. అంతకు మించినవి తిరిగివచ్చిన 180 రోజులలోగా అమ్మేయాలి.

ఎంత మొత్తం తీసుకెళ్ళాలనుకుంటున్నావో తెలియజేస్తే, ఇక్కడ రెండు చోట్ల ధర కనుక్కుని చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య